ఫోటోలో పడని నొప్పి

“సోమవారం మనం ఆసుపత్రికి వెళ్ళడం లేదు. ఆపరేషనూ లేదు, గీపరేషనూ లేదు!”

ఇల్యాస్ ఆ మాట అంటూనే చేతిలోని ఆకురాయిని బల్ల మీద పడేశాడు. ముందుగదిలో గోడకి ఆనించి ఉన్న సితార్లన్నీ ఒక్కసారి ఝుమ్మన్నాయి. తస్నీమ్ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు! తుంటి దగ్గర మొదలైన మంట తొడ వెనకగా దిగి, పిక్కలోంచి బొటనవేలి దాకా పాకుతోంది. ఏడాదిగా ఇదే వరస. ఈమధ్య దానికి ఇంకో ముచ్చట కూడా తోడైంది... నడుస్తూ ఉంటే కుడికాలి చెప్పు జారి వెనకే ఉండిపోతుంది, ఆమెకి తెలియదు! ఆ సంగతి విన్నాకే మగ్దూమ్ డాక్టరు కళ్ళజోడు తీసి, “ఇక ఆగడానికి లేదమ్మా. వెన్నుపూసల మధ్య మెత్త పక్కకి జారి నరాన్ని నొక్కేస్తోంది. కాలిలో బలం పోకముందే ఆ ఒత్తిడి తీసెయ్యాలి” అన్నాడు. ఆయన అన్నాడు గానీ, ఈ ఇంట్లో ఆ మాట నిలబడాలి కదా.

“ఏంటండీ ఈ మాట... ఇప్పుడు వద్దంటే ఎలా?” అంది తస్నీమ్.

“ఎలా ఏంటి? పొద్దున ఆ మేడం చెప్పింది విన్నావుగా! కోసిన తరవాత కూడా నొప్పి ఉంటుందట. వారాల తరబడి ఉండొచ్చట. ఉంటే కంగారు పడకూడదట! నేను సితార్ అమ్మేముందు ‘అయ్యా, ఇది అపస్వరం పలికితే కంగారు పడకండి’ అంటే ఎవడైనా కొంటాడా? చేతకాదని వాళ్ళకే తెలుసు. ముందే తప్పించుకునే దారి వెతుక్కుంటున్నారు.”

మిరజ్‌లో వీధికో ఆసుపత్రి ఉంటుంది, అందుకని ప్రతి ఇంట్లోనూ ఓ సగం డాక్టరు ఉంటాడు. ఈ ఇంటికి ఆ సగం ఇల్యాసే. ఎక్కడ ఏ డాక్టరు ఎవరిని ఎలా మోసం చేశాడో టీకొట్టు దగ్గర వినివచ్చి, దానికి నాలుగు ముక్కలు చేర్చి చెప్పడం ఆయనకి అలవాటు. అలాంటి మనిషిని తీసుకెళ్ళి ‘నొప్పి బడి’లో కూర్చోబెడితే ఊరుకుంటాడా! ఆ ఆసుపత్రిలో నడుము ఆపరేషన్‌కి వచ్చిన ప్రతివాళ్ళూ ఇంట్లోవాళ్ళతో సహా ముందుగా రెండుసార్లు సాఠే మేడం దగ్గర కూర్చోవాల్సిందే. ఆవిడ మందులివ్వదు, సూదులు పొడవదు. నొప్పి అంటే ఏమిటో పాఠం చెబుతుంది. వార్డులో వాళ్ళంతా దాన్ని నొప్పి బడి అంటారు.

ఆ పొద్దున ముగ్గురూ వెళ్ళారు. తస్నీమ్, ఇల్యాస్, అత్తగారు బిల్కీస్ బీ. సాఠే మేడం తస్నీమ్‌ని ‘తాయీ’, అంటే అక్కా అనీ, అత్తగారిని ‘ఖాలా’, అంటే పిన్నీ అనీ పిలుస్తూ, బోర్డు మీద ఒక మనిషి బొమ్మ గీసి చెప్పింది. నరాలు కబురు మోస్తాయట. ఆ కబురు విని ‘ఇది ప్రమాదం’ అని తేల్చేది మెదడట. చాలాకాలం నలిగిన నరం చిన్నదానికి కూడా పెద్దగా అరుస్తుందట. “ఆపరేషన్ ఆ ఒత్తిడి తీసేస్తుంది తాయీ. కానీ అరవడం మరిగిన నరం మర్నాటికే నోరు మూసుకోదు. లేచి నడిచేటప్పుడు చురుక్కుమంటే, లోపల ఏదో తెగిపోయిందని భయపడొద్దు. అది తగ్గడానికి టైము పడుతుంది” అంది ఆవిడ. తస్నీమ్ బుర్ర ఊపింది గానీ, మనసులో ఒక్కటే మాట గుచ్చుకుంది. తేల్చేది మెదడట! అంతకన్నా ఏం కావాలి ఈ ఇంటివాళ్ళకి?

ఆమె భయపడ్డట్టే అయింది. ఇల్యాస్ ఆకురాయి మళ్ళీ అందుకుంటూ, ఓరకంట చూసి, “పైగా నొప్పి మెదడులో తేలుతుందట! అంటే నడుములో ఏమీ లేదనేగా!” అన్నాడు.

ఆ చూపు! ఆ చూపు తస్నీమ్‌కి కొత్త కాదు. వేసవిలో ఒకరోజు ఆ చూపు ఈ ఇంట్లోకి వచ్చింది, వచ్చి ఇక పోలేదు. పెరట్లో సొరబుర్రలు ఎండుతున్నాయి. పంఢర్‌పూర్ వైపు నుంచి తెచ్చి, నానబెట్టి, లోపల పుల్లలు పెట్టి వాటం కుదిర్చిన బుర్రలు. తంబూరాకైనా సితార్‌కైనా ప్రాణం అదే. తడిస్తే బూజు పడుతుంది, మొత్తం పాడే! ఇంట్లో మగవాళ్ళు లేరు. ఉరుము లేదు మెరుపు లేదు, వాన దబదబా వచ్చేసింది. అప్పటిదాకా గోడ పట్టుకుని నడుస్తున్న తస్నీమ్ ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. వంగి, ఎత్తి, చంకలో పెట్టుకుని... బుర్రలన్నీ లోపలికి చేర్చింది. ఆఖరిది చేర్చేటప్పటికి ఇల్యాస్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వెనకాల అత్తగారు! ఆ సాయంత్రం రొట్టెలు తట్టడానికి కూర్చున్న తస్నీమ్ లేవలేకపోయింది. నేల మీద పక్కకి ఒరిగిపోయి ఏడ్చింది. “వాన వస్తే పరుగెత్తింది, రొట్టెలనగానే పడిపోయింది” అన్నాడు ఇల్యాస్. వేళాకోళంగానే అన్నాడులే. కానీ వేళాకోళం పట్టుకున్నంత గట్టిగా నిందైనా పట్టుకోదు. ఆ రోజు నుంచి ఆమె ‘అమ్మా’ అన్నప్పుడల్లా ఆయన ఒక్క క్షణం ఆగి చూసేవాడు. నిజమా, కాదా అని... కట్టుకున్నవాడు అలా తూకం వేస్తుంటే ఏ ఆడదాని ప్రాణం ఉసూరుమనదు!

ఇల్యాస్ చెడ్డవాడు కాదు. ఆయన పనే అలాంటిది. బుర్రని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి, చీలిక ఎక్కడుందో చెప్పేస్తాడు. లోపం అనేది ఉంటే దానికో చోటు ఉంటుంది, తడితే తెలుస్తుంది... ఇదీ ఆయన నమ్మకం. మనిషికీ అంతే అనుకున్నాడు. అక్కడే పొరపాటు పడ్డాడు.

ఇల్యాస్ సంగతి సరే. తస్నీమ్‌ని అసలు భయపెట్టింది అత్తగారు. పెళ్ళై పదిహేనేళ్ళు దాటినా బిల్కీస్ బీ కోడల్ని ‘దుల్హన్’ అనే పిలిచేది, అదేదో నిన్న పల్లకీ దిగినట్టు! “దుల్హన్‌కి నడుము నొప్పి. దుల్హన్‌కి కాలు నొప్పి. మా కాలంలో ఈ జబ్బులకి తీరికుండేది కాదమ్మా” అనడం ఆవిడకి టీ తాగినంత అలవాటు. అలాంటి మనిషి నొప్పి బడి నుంచి వచ్చింది మొదలు నోరు విప్పలేదు! కొడుకు ఆపరేషన్ లేదంటుంటే అవునని అనలేదు, కాదని అనలేదు. వంటింట్లో ఎప్పట్లాగే ఎడమకాలు దర్జాగా చాపుకుని కూర్చుని, జొన్నపిండి కలుపుతూ, ఎటో చూస్తోంది. వంద మాటలనే మనిషి ఒక్క మాటా అనకపోతే ఏమనుకోవాలి? పైకి అనడం మానేసి లోపల ఏదో అల్లుతోందని తస్నీమ్‌కి గట్టి అనుమానం పట్టుకుంది.

ఆ అనుమానానికి ఆధారం కూడా ఉంది. పాఠం మధ్యలో బిల్కీస్ బీ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. “ఫోటోలో ఏమీ కనపడకపోయినా నొప్పి ఉంటుందా మేడం?” అని. “ఉంటుంది ఖాలా. ఫోటోలో పడనంత మాత్రాన అది అబద్ధం కాదు” అంది సాఠే మేడం. అత్తగారు ఎందుకు అడిగింది ఆ ప్రశ్న? నా నడుము స్కానింగ్ ఫోటోలో కనపడింది కదా, డాక్టరు వేలు పెట్టి చూపించాడు కదా... అయినా అనుమానమేనా! తౌబా!

మర్నాడు శుక్రవారం. బిల్కీస్ బీ బురఖా వేసుకుని, ఎక్కడికని చెప్పకుండా బయటికి వెళ్ళింది. “దర్గాకా అమ్మీ?” అని అడిగింది తస్నీమ్.

“ఊఁ” అంది ఆవిడ. అంత చిన్న జవాబు ఆవిడ నోట ఏనాడూ రాలేదు. పైగా దర్గాకి వెళ్ళే మనిషి పూలు లేకుండా వెళుతుందా? వచ్చేటప్పుడు ప్రసాదం పొట్లం లేకుండా వస్తుందా? మధ్యాహ్నం తిరిగొచ్చిన అత్తగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతులు ఖాళీగా ఉన్నాయి.

శనివారం రక్తపరీక్షకీ, రెండో పాఠానికీ రమ్మన్నారు. ఇల్యాస్ కదల్లేదు. “నేను రాను. నువ్వు వెళ్ళి ‘మాకొద్దు’ అని చెప్పిరా” అన్నాడు. అత్తగారు అప్పటికే ఇంట్లో లేదు. తస్నీమ్ ఒక్కతే రిక్షా ఎక్కింది. కూతురు సాదియాని జైసింగ్‌పూర్‌లో పుట్టింట్లో ముందే దించి వచ్చింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పిల్ల కూడా అమ్మ నడకని చూసి ఏమనుకుంటుందో అని ఇంకో బాధ. వద్దని చెప్పడానికే వెళుతున్నానని ఆమెకి తెలుసు... కానీ రిక్షా గతుకులో పడ్డ ప్రతిసారీ ‘యా అల్లా, ఈ కాలుతో నేనెన్నాళ్ళు బతకాలి’ అని ఏడుపొచ్చింది.

రక్తం ఇచ్చి వరండాలోకి వచ్చింది. సాఠే మేడం గది తలుపుకి అద్దం ఉంది. అద్దంలోంచి చూసిన తస్నీమ్ కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి!

లోపల బిల్కీస్ బీ! మేడం ఎదురుగా నిలబడి, చెయ్యి తుంటి మీద వేసుకుని, ఒక కాలు ఈడుస్తూ నడిచి చూపిస్తోంది. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. ఆగి, తుంటి మీద చేత్తో కొట్టుకుని, ఏదో అంది. మేడం తల ఊపింది!

తస్నీమ్ అద్దం దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. తన నడక! అత్తగారు తన నడకని వెక్కిరిస్తోంది! పరాయివాళ్ళ ముందు, ‘మా కోడలు ఇలా నాటకమాడుతుంది చూడండి’ అని వేషం వేసి చూపిస్తోంది! నిన్న దర్గా అబద్ధం. ఇవాళ ఇదీ సంగతి. ఇంట్లో అన్నది చాలక, ఆపరేషన్ తప్పించడానికి ఇక్కడిదాకా వచ్చింది... తస్నీమ్ గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు బయటికి వచ్చి అటువైపు మెట్లు దిగి వెళ్ళిపోయేదాకా స్తంభం వెనక నుంచి కదల్లేదు.

తరవాత పాఠంలో మేడం చెప్పింది ఆమె చెవికెక్కలేదు. ఆఖర్న మాత్రం ఒక మాట విని ఉలిక్కిపడింది.

“ఒక్కోసారి నొప్పి కాసేపు తలవంచుతుంది తాయీ. ఇంటి ముందు ఏదో ఎండబెట్టుకున్నారనుకోండి, వాన వచ్చిందనుకోండి. ఇంటికి ఆధారం అదే అయినప్పుడు మెదడు ‘ముందు అది కాపాడు, నొప్పి సంగతి తరవాత’ అంటుంది. మనిషి పరుగెత్తుతుంది. వాన వెలిశాక అదే మనిషి లేవలేదు. రెండూ నిజమే.”

“నేను మీకు వాన సంగతి చెప్పలేదు!” తస్నీమ్ గొంతు తీగలా మోగింది. “మా అత్తగారు చెప్పింది కదూ? నా మీద ఏమేం చెప్పింది మీకు? నేను నాటకాలాడతానని చెప్పిందా? చెప్పండి మేడం!”

సాఠే మేడం మొహం ఎర్రబడింది. తొందరపడ్డానని ఆవిడకి అప్పుడే తెలిసింది. “అది నేను వాడకుండా ఉండాల్సింది. తప్పు నాదే తాయీ. కానీ ఖాలా మీ గురించి చెడ్డమాట ఒక్కటీ చెప్పలేదు. ఆవిడ ఏం అడిగిందో మాత్రం ఆవిడే చెప్పాలి. ఆ మాట నాది కాదు.”

“అబ్బో! బాగానే దాస్తున్నారు ఇద్దరూ!” అని లేచింది తస్నీమ్. లేచినప్పుడు కాలిలో కత్తి దిగినట్టయింది. అయినా ఆగలేదు.

ఇంటికి వచ్చేటప్పటికి ఇల్యాస్ ముందుగదిలో ఒక సితార్‌కి జవారీ దిద్దుతున్నాడు. అంటే తీగలు ఆనే ఎముక ముక్కని ఆకురాయితో పలచగా రాసి, మోగించి, మళ్ళీ రాసి, స్వరం నిలబెట్టడం. బిల్కీస్ బీ వంటింట్లో రొట్టె తడుతోంది, కాలు చాపుకుని. అంత పని చేసి వచ్చి ఎంత నిమ్మళంగా కూర్చుందో!

“చేసింది చాలా అమ్మీ?” అంది తస్నీమ్ గుమ్మంలోంచే. ఏడుపు ఆగలేదు. “నా నడకని బాగా చూపించారు! నేను అద్దంలోంచి చూశాను! కాలు ఈడుస్తూ నడిచి... మేడం నవ్విందా? ఇంకా ఎవరెవరికి చూపిస్తారు? శుక్రవారం దర్గాకని చెప్పి వెళ్ళిందీ దానికేగా? మీకు అంత బరువైపోయానా నేను!”

ఇల్యాస్ పరుగెత్తుకొచ్చాడు. “ఏమైంది? ఏంటి అమ్మీ, ఏమంటోందిది?”

“మీ అమ్మగారినే అడగండి! ఆపరేషన్ నాకొద్దు. మీ అందరికీ కావల్సిందదేగా! సాదియాతో పాటు మా అమ్మ దగ్గరే ఉంటా. కాలు పడిపోతే పడిపోనీ... కుంటిదాన్నని నిజంగా అనిపించుకుంటా. అప్పుడైనా నమ్ముతారేమో!”

బిల్కీస్ బీ చేతిలో పిండిముద్ద అలాగే ఉండిపోయింది. అరుస్తుందనుకుంది తస్నీమ్, తిడుతుందనుకుంది. ఆవిడ లేవబోయి, లేవలేక, ఒక చెయ్యి గోడ గూట్లో వేసి పట్టుకుని, మెల్లగా నిలబడింది. అలా లేవడం పదిహేనేళ్ళుగా చూస్తూనే ఉంది తస్నీమ్. పెద్దరికం ఒలకబోస్తూ లేస్తుందనే అనుకుంది ఇన్నాళ్ళూ!

“అది నీ నడక కాదే దుల్హన్” అంది ఆవిడ. “అది నా నడక.”

పిండిముద్దని పళ్ళెంలో పడేసింది.

“నీ నడక నేనెందుకు నడుస్తానే... నాకే ఉంది ఒకటి! నలుగురిలో నిటారుగా నడిచి, తలుపు వేసుకున్నాక ఈడ్చేది. ఆ మేడం తలుపు వేసింది. ‘ఇంట్లో ఎలా నడుస్తారో అలా నడవండి ఖాలా’ అంది. నడిచి చూపించాను. అంతే! శుక్రవారం వెళ్ళిందీ అందుకే. దర్గాకని అబద్ధం చెప్పా. ఏం చెప్పమంటావ్? ఈ వయసులో నాకూ నొప్పి అని చెప్పుకోనా?” బిల్కీస్ బీ కొంగుతో మొహం తుడుచుకుంది. “ఎప్పుడో ఒక్కసారి ఫోటో తీయించారు. ఏమీ లేదన్నాడు డాక్టరు. ఆ రోజుతో నా నోరు మూతపడింది. ‘నాటకాలు’ అన్నాడు మీ మామ. మా అత్తయ్య వాడవాడంతా చెప్పుకు నవ్వింది. పోనీలే అని మోశాను. బుర్రలు మోశాను, నీళ్ళు మోశాను, పిల్లల్ని మోశాను... ఒక్కరోజు అమ్మా అనలేదు. నువ్వొచ్చి అమ్మా అన్నావు చూడు! నేను నోరు మూసుకుని మోసింది ఇది నోరు తెరిచి అంటుందా అని... నిజం చెబుతున్నా, కడుపుమంట! నీ మీద కాదే. నేను అనలేకపోయానని.”

తస్నీమ్ గుమ్మానికి ఆనుకుంది. ఎన్ని అనుమానాలు పడిందో అన్నీ ఒక్కసారి మొహం మీద తిరిగి కొట్టినట్టయింది.

“వాన సంగతి నేనే చెప్పాను” అంది బిల్కీస్ బీ మళ్ళీ. “ఆ రోజు నువ్వు పరుగెత్తావు, తరవాత పడిపోయావు. నేనూ ఒకసారి అంతే చేశా. అప్పుడు అందరూ నన్ను దొంగన్నారు. నేనూ నన్ను దొంగనే అనుకున్నా! పరుగెత్తినదాన్ని, నాకు నొప్పి నిజమెలా అవుతుందని... అందుకే అడిగా మేడంని, అలా ఉంటుందా అని. ఉంటుందంది. ఇన్నాళ్ళకి ఒక మనిషి ఉంటుందంది!”

ఇల్యాస్ తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. మొండితనం అంత తొందరగా పోతుందా! “అది కాదు అమ్మీ... దెబ్బ ఒకచోట లేకుండా నొప్పి ఎలా వస్తుంది? ఏదైనా తడితే తెలియాలిగా...”

“తట్టు, తట్టు! బుర్ర తట్టీ తట్టీ నీ చెవి అంతవరకే వింటోంది.” బిల్కీస్ బీ కొడుకు మీదకి వచ్చేసింది, పిండి చేతులతోనే. “అరే, ఈ ఇంట్లో పుట్టి పెరిగావు కదరా! సితార్‌లో కింద వరసన తరఫ్ తీగలు ఉన్నాయి కదా, వాటిని ఎవడు మీటుతాడు? ఎవడూ మీటడు! పైన తీగ మోగితే అవి వాటంతటవే మోగుతాయి. మరి ఆ మోత అబద్ధమా? ఎక్కడ మీటారో చూపిస్తేగానీ విననని ఎప్పుడైనా అన్నావా? చెప్పరా ఉస్తాద్!”

ఇల్యాస్ ముందుగదిలోని సితార్ల వైపు చూశాడు. తరఫ్ తీగలు సరిగా పలకలేదని మూడు రోజులు తిండి మానేసి కూర్చునే మనిషి ఆయన. ఆ తీగల మోత కోసమే ఊళ్ళు దాటి వచ్చి కొంటారు ఆయన సితార్లు. గోడకి ఆనుకుని అలాగే చతికిలబడిపోయాడు. “వాన రోజు నేనలా అనకుండా ఉండాల్సింది తస్నీమ్” అన్నాడు. చేతిలో ఆకురాయి ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

“అనేశారుగా” అంది తస్నీమ్ కళ్ళు తుడుచుకుంటూ. వెంటనే కరిగిపోవడానికి ఆమేమీ వెన్నముద్ద కాదు కదా. ఇన్నాళ్ళు గుచ్చుకున్నది ఒక్క మాటతో ఊడిరాదు.

ఆదివారం ఇల్యాసే ఆసుపత్రి సంచీ సర్ది ముందు పెడితే, తస్నీమ్ కాదనలేదు. సోమవారం ఆపరేషన్ జరిగింది. మంగళవారం పొద్దున తస్నీమ్ కళ్ళు తెరిచేటప్పటికి కాలిలో ఆ పాత మంట లేదు! నమ్మలేక, అలాగే కదలకుండా పడుకుంది, కదిలితే పారిపోతుందేమోనని. నడుము దగ్గర కోసిన చోట మాత్రం బరువుగా, సలుపుగా ఉంది. సాఠే మేడం వచ్చి, “లేద్దామా తాయీ?” అంది. పక్కకి తిప్పి, కాళ్ళు కిందికి దింపి, చెయ్యి ఆసరా ఇచ్చి నిలబెట్టింది. ఒక్క అడుగు వేసిందో లేదో... తొడ వెనక నుంచి పిక్క దాకా చురుక్కున పాకింది!

“అమ్మా!” అని అరిచింది తస్నీమ్. “అదే! అదే నొప్పి! పోలేదు... పోలేదండీ! ఆపరేషన్ చెడిపోయింది!”

ఇల్యాస్ మొహం నల్లబడిపోయింది. మెడ నరాలు లేచాయి. “నేను ముందే చెప్పానా! మగ్దూమ్ డాక్టర్ని పిలవండి! ఎక్కడ ఆయన?” అని తలుపు వైపు రెండడుగులు వేశాడు. పక్క మంచాల వాళ్ళు లేచి చూశారు. తలుపు దాకా వెళ్ళి ఎందుకో ఆగాడు. వెనక్కి తిరిగి భార్య మొహంలోకి చూశాడు. ఈసారి ఆ తూకం చూపు లేదు. దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, “ఎంత ఉంది? నువ్వు చెప్పు. నువ్వు ఎంతంటే అంతే. నేనేమీ తట్టి చూడను” అన్నాడు.

ఆ మాటకి తస్నీమ్‌కి ఏడుపు పొంగుకొచ్చింది. ఏడాదిగా ఏ మాత్రా చెయ్యని పని ఆ ఒక్క మాట చేసింది. “మునుపంత లేదు...” అంది వెక్కుతూ. “మెరుపులా వచ్చి పోయింది. కానీ భయమేసింది.”

సాఠే మేడం వంగి, కుడికాలి పాదం మీద వేలు ఆనించి, “బొటనవేలు పైకి లేపండి. నా వేలుని గట్టిగా తోయండి” అంది. లేచింది! నెలల తరబడి చెప్పు పట్టుకోలేని వేలు పైకి లేచింది, మేడం వేలుని తోసింది కూడా. “చూశారా? నరం పని చేస్తోంది. చాలాకాలం నలిగింది కదా, ఇంకా బెదురు పోలేదు. కోత మామూలుగానే ఉంది. డాక్టరుగారు వచ్చి మళ్ళీ చూస్తారు. నడుద్దామా, కాసేపు ఆగుదామా?”

“నడుస్తా” అంది తస్నీమ్.

భయం పోలేదు. అడుగడుగునా లోపల ఏదో తెగుతుందేమో అన్న అనుమానం వెన్నంటే ఉంది. అయినా నడిచింది. ఒక పక్క ఇల్యాస్, ఒక పక్క మేడం. వరండా కిటికీ దాకా వెళ్ళి, తిరిగి వచ్చి మంచం మీద కూర్చుంది. ఇల్యాస్ టీ తెస్తానని వెళ్ళాడు. మేడం పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

బిల్కీస్ బీ పొద్దుట్నుంచి మంచం కాళ్ళ దగ్గర నిలబడే ఉంది. ఇంత జరుగుతున్నా పక్కకి జరగలేదు, ఎక్కడా కూలబడలేదు. చెయ్యి మాత్రం మంచం ఇనుప పట్టీని గట్టిగా పట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లబడిపోయాయి. ఇన్నాళ్ళూ అలా చూసినప్పుడల్లా, అత్తగారు పెత్తనానికి నిలబడిందనుకునేది తస్నీమ్. ఇప్పుడు ఆ వేళ్ళు కనపడ్డాయి.

“అమ్మీ” అంది మెల్లగా. “మీకు ఎక్కడ నొప్పి?”

బిల్కీస్ బీ విననట్టు చూసింది. “ఏంటే?”

“ఎక్కడ నొప్పి అని అడుగుతున్నా. ఎప్పట్నుంచి?”

ఆవిడ చెయ్యి ఎత్తింది. నడుము మీద పెట్టబోయి, తుంటి మీదకి జరిపి, మళ్ళీ తీసేసింది.  “ఏమో... ఎలా చెప్పాలి? ఎవరూ అడగలేదు కదే. చెప్పడం రాదు నాకు.” తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “వాడు కడుపులో ఉన్నప్పుడు మేడ మెట్ల మీద జారాను. బుర్రలు దింపుతూ. వాడికి మాత్రం చెప్పకు. తన వల్లే అనుకుంటాడు, వెర్రివాడు. అందుకే మొన్న వాడి ముందు అన్నీ చెప్పినా, ఎప్పట్నుంచో మాత్రం చెప్పలేదు.”

కొడుకు కోసం దాచుకున్న నొప్పి! కొడుకు పెళ్ళాన్ని సాధించిన నొప్పీ అదే!  తస్నీమ్‌కి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మెల్లగా, కోత దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, మంచం మీద కొంచెం పక్కకి జరిగింది.

“కూర్చోండి అమ్మీ. కాలు చాపుకునే కూర్చోండి. మొదట్నుంచి చెప్పండి.”

బిల్కీస్ బీ కూర్చుంది. చెప్పడం రాదంటూనే మొదలుపెట్టింది. మెట్ల దగ్గర మొదలుపెట్టి, పురుళ్ళ దగ్గరికి వచ్చి, మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళి... ఒక వరస లేదు, పద్ధతి లేదు. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి తన అత్తయ్యని తిట్టి నవ్వింది కూడా. నర్సు మందులు తెచ్చి, ఆ ఇద్దరినీ చూసి, తరవాత వస్తానని వెళ్ళిపోయింది. తస్నీమ్ అంతా వింది. ఒక్కసారి కూడా ‘నిజంగానా?’ అని అడగలేదు.